పాతనగరం బాగుపడితే అందులో ఎవరుంటారు?

విశాఖపట్నం పేరు ఈమధ్య పెద్దపెద్ద అంకెలతో కలిసి వినబడుతోంది. 2023 సెప్టెంబరులో పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను ప్రారంభించారు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఇక్కడ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. భోగాపురం విమానాశ్రయం, రైల్వే జోన్, మెట్రో అంటూ రోజుకొక వార్త. సంతోషమే. ఉద్యోగాలొస్తే మన పిల్లలు హైదరాబాదుకో బెంగళూరుకో పోనక్కర్లేదు. అందుకోసం మోకాళ్లూని ప్రార్థించిన తల్లిదండ్రులు మన సంఘాల్లోనే ఎందరో ఉన్నారు.

అయితే డబ్బు ఒక ఊరికి వచ్చినప్పుడు ముందుగా కొత్త కాలనీల్లోకి వస్తుంది. అక్కడ గజం ధర అందనంత ఎత్తుకు పోయాక వెనక్కి తిరిగి పాతవీధుల వైపు చూస్తుంది. విశాఖలో ఆ చూపు పడబోయే చోటు వన్‌టౌన్.

రాణిబొమ్మ, పాత పోస్టాఫీసు, కోట వీధి, కురుపాం మార్కెట్, 1904 నాటి టౌన్‌హాలు. 1933లో పోర్టు మొదలయ్యే నాటికి విశాఖపట్నం అంటే దాదాపుగా ఇదే. ఆ తర్వాత ఆఫీసులు, ఆసుపత్రులు, బట్టల షాపులు ఒకటొకటిగా ద్వారకానగర్, సిరిపురం, ఎంవీపీ కాలనీ వైపు జరిగిపోయాయి. వెనకాల మిగిలింది ఇరుకు సందులు, ఉప్పుగాలికి పెచ్చులూడిన గోడలు, పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గుపొడి. పొద్దున తుడిచిన గచ్చు మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడుతుందని అక్కడి ఆడవాళ్లు చెప్పడం ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. ఇలాంటిచోట ఎందుకుంటున్నారంటే, అద్దె తక్కువ గనుక, పని దగ్గర గనుక. పోర్టులో కళాసీలు, బోట్ల మీద వేటకు వెళ్లేవాళ్లు, ఎండుచేపలు అమ్ముకునేవాళ్లు, చిన్న కొట్లలో గుమాస్తాలు. ఒకే పాత ఇంట్లో మూడు నాలుగు వాటాలు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయినప్పుడు ఆ మంట కేవలం బోటు యజమానులది కాలేదు. బోటు లేకపోతే కూలి లేదు, కూలి లేకపోతే అద్దె కట్టలేరు.

మన పాఠకులకు ఈ పాతనగరంతో ఇంకొక బంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ వచ్చి దిగింది ఈ విశాఖపట్నంలోనే. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగులోకి మార్చే పని పెట్టుకున్నారు. క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో చనిపోయారు. వారి అనువాదంలోని మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. తెలుగులో ప్రభువు మాట పుస్తకరూపం ఎత్తడానికి ముందు ఈ గాలిలో, ఈ ఉక్కలో కూర్చుని రాశారు. సెయింట్ అలోషియస్ స్కూలు 1847 నుంచి ఇక్కడే పాఠాలు చెబుతోంది. హార్బరు ముఖాన మూడు కొండలు: రాస్‌హిల్ మీద కన్యమరియమ్మ గుడి, పక్క కొండ మీద ఇస్సాక్ మదీనా దర్గా, ఇంకో కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి. డిసెంబరు 8న రాస్‌హిల్ ఎక్కేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

ఇటువంటి చోటును బాగుచెయ్యాలని ఎవరన్నా అంటే మేము వద్దనము. పెచ్చులూడిన గోడలను ఫొటో తీసుకుని మురిసిపోయేవాళ్లు వేరు, ఆ గోడల కింద వర్షాకాలంలో నిద్రపోయేవాళ్లు వేరు. మురుగుకాలువ మూయాలి, నీళ్లు రావాలి, అగ్నిమాపక బండి పట్టేంత రోడ్డు ఉండాలి. దేశంలో మొదటి విడత స్మార్ట్‌సిటీల కోసం 2016 జనవరిలో ఎంపికైన 20 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ రెండూ ఉన్నాయి. అప్పటినుంచి సుందరీకరణ, హెరిటేజ్, టూరిజం అనే మాటలు మన తీరప్రాంత పట్టణాలన్నిటిలో అలవాటయ్యాయి. మా ప్రశ్న ఒక్కటే. బాగుచేసిన తరువాత ఇప్పుడున్నవాళ్లు అక్కడే ఉంటారా? దీనికి జవాబు వెదుక్కోవడానికి, ఈ దారిలో మనకంటే చాలాముందు నడిచిన ఒక సముద్రపుటొడ్డు ఊరి సంగతి చెప్పాలి. ఆ ఊరిని పుట్టించింది క్రైస్తవులే కాబట్టి మన సంఘాలకు అది మరీ అవసరం.

ఊరి పేరు ఆస్బరీ పార్క్, అమెరికాలో న్యూజెర్సీ తీరాన ఉంది. మన తెలుగువాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఎడిసన్ నుంచి కారులో గంట లోపు ప్రయాణం. ఎండాకాలంలో అక్కడి తెలుగు కుటుంబాలు పిల్లలను తీసుకెళ్లే బీచ్‌లలో అదొకటి. 1869లో మెథడిస్టులు ఆ తీరంలో ఓషన్ గ్రోవ్ అని ఉజ్జీవసభల కోసం ఒక ఊరు కట్టుకున్నారు. దాని పక్కనే, 1871లో జేమ్స్ బ్రాడ్లీ అనే బ్రష్షుల వ్యాపారి 500 ఎకరాలు కొన్నాడు. ఆయనా మెథడిస్టే. అమెరికాలో మొదటి మెథడిస్టు బిషప్పు ఫ్రాన్సిస్ ఆస్బరీ పేరు పెట్టాడు. మద్యం ఉండకూడదన్నాడు, వెడల్పాటి వీధులు వేయించాడు, చర్చిలకు స్థలాలిచ్చాడు. భక్తిగలవాడే. అదే బ్రాడ్లీ 1880లలో నల్లజాతివాళ్లు బీచ్‌లో ఎప్పుడు తిరగవచ్చు, ఎక్కడ కూర్చోవచ్చు అని హద్దులు పెట్టడానికి పూనుకున్నాడు. హోటళ్లలో పక్కలు వేసేది, గిన్నెలు కడిగేది ఆ నల్లజాతివాళ్లే. వాళ్ల ఇళ్లు మాత్రం రైలుపట్టాలకు పడమట. ఆ పడమటి వైపుకు స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ గుండెకాయ. ఊరికీ పేటకూ మధ్య గీత ఎక్కడుంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

1970 జూలైలో ఆ పడమటి వైపు రగిలింది. పని లేదు, ఇళ్లు పాడుబడ్డాయి, వేసవి ఉద్యోగాలు సైతం బయటి ఊళ్లనుంచి వచ్చిన తెల్లపిల్లలకు పోతున్నాయని అక్కడి యువకుల గోడు. వారం రోజులు అల్లర్లు. కాలిపోయినవి ఎక్కువగా స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ మీది కొట్లూ ఇళ్లే, అంటే వాళ్ల సొంత వీధి. ఆ తర్వాత ప్రభుత్వం పునర్నిర్మాణం పేరుతో మిగిలినవి కూడా కూలగొట్టింది. కూలగొట్టడం త్వరగా అయిపోయింది. కట్టడం మాత్రం జరగలేదు. దశాబ్దాలపాటు అక్కడ గడ్డి మొలిచింది.

సముద్రం వైపు కథ ఇంకొక రకం. 1980లలో ఒక పెద్ద బిల్డరుకు తీరమంతా అప్పజెప్పారు. ఎత్తయిన భవనానికి ఇనుప అస్థిపంజరం లేచింది, తర్వాత బిల్డరు దివాలా తీశాడు. ఆ అస్థిపంజరం పదిహేనేళ్లకు పైగా సముద్రానికి ఎదురుగా అలాగే నిలబడి ఉంది. 2002లో కొత్త ప్రణాళిక, కొత్త కంపెనీ. 2006 ఏప్రిల్‌లో మందుపాతరలు పెట్టి ఆ అస్థిపంజరాన్ని నేలకూల్చారు. దాన్ని చూడడానికి జనం గుమిగూడారు. అదే స్థలంలో 2019లో 17 అంతస్తుల భవనం తెరుచుకుంది: 130 ఫ్లాట్లు, ఒక చిన్న హోటలు. అందులో ఫ్లాటు ధర హోటల్లో పనిచేసేవాళ్ల జీవితకాలపు సంపాదనకు కూడా అందేది కాదు.

ఇప్పుడు ఆ ఊరు వెళ్లి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. బీచ్ వెంబడి చెక్కబాట మళ్లీ నిండింది, సంగీతం మోగుతోంది, మూతబడ్డ షాపులు తెరుచుకున్నాయి. న్యాయంగా చెప్పాలంటే అక్కడి నగరపాలకులు ఒక చచ్చిన ఊరిని లేపారు, అది చిన్న సంగతి కాదు. కానీ జనాభా లెక్కలు తీయండి. 2000లో 16,930 మంది. 2010లో 16,116. 2020లో 15,188. ఇళ్లు పెరిగాయి, అంతస్తులు పెరిగాయి, ధరలు పెరిగాయి, మనుషులు తగ్గారు. 2000లో ఊళ్లో నూటికి 62 మంది నల్లజాతివాళ్లయితే 2010కి నూటికి 51 మంది. వాళ్లను ఎవరూ బుల్డోజరుతో తరమలేదు. అద్దె పెరిగింది, అగ్రిమెంటు గడువు తీరింది, వేరే ఊరు వెదుక్కున్నారు. పత్రికలో రాయడానికి అందులో ఒక సంఘటన అంటూ ఉండదు. ఒక ఆదివారం చర్చిలో ఆ బెంచీ ఖాళీగా కనిపిస్తుంది, అంతే.

అక్కడికి ఉత్తరాన కొద్ది మైళ్లలో ఉన్న లాంగ్ బ్రాంచ్‌లో సొంత ఇళ్లున్న ముసలివాళ్లు కొందరు తమ ఇళ్లను తీసుకోవడానికి వీల్లేదని కోర్టుకెక్కారు. ఆ పేట పాడుబడినదని నగరం చూపిన రుజువులు చాలవని 2008లో అప్పీలు కోర్టు అన్నది. మరుసటి ఏడు నగరం వెనక్కి తగ్గింది. నాబోతుకు మన కాలంలో దొరికిన న్యాయమది. కానీ నాబోతుకు ద్రాక్షతోట తనది. తోట లేని నాబోతు, అంటే అద్దెకుండేవాడు, ఏ కోర్టుకెక్కి ఏమని అడుగుతాడు?

దీనికి ఆస్బరీ పార్క్ చర్చిలు ఒక జవాబు వెదికాయి. ఊరు అట్టడుగుకు దిగిపోయిన కాలంలో, 1988లో, అక్కడి వివిధ సంఘాలు కలిసి ఇంటర్‌ఫెయిత్ నైబర్స్ అనే సంస్థ పెట్టాయి. మొదట చేసిన పని చాలా మామూలుది. ఇల్లు ఖాళీ చెయ్యాల్సిన స్థితికి వచ్చిన కుటుంబాలకు అద్దె కట్టడం. అద్దెలు కడుతూ కడుతూ ఉండగా ఇళ్లే కొరత అని తెలిసింది. అప్పుడు పడమటి వైపు ఇళ్లు బాగుచేసి, కొత్తవి కట్టి, మామూలు జీతగాళ్లకు అందేలా ఇవ్వడం మొదలుపెట్టారు. గడ్డి మొలిచిన ఆ స్ప్రింగ్‌వుడ్ అవెన్యూ మీదే ఇళ్లు, పెద్దవాళ్లకు ఒక కేంద్రం, పేట యువతకు పని నేర్పే ఒక కెఫే లేచాయి. సముద్రం వైపు కంపెనీలు పెట్టిన కోట్లతో పోలిస్తే ఇది ఏ పాటిది అనవచ్చు. ఆ పేటలో మిగిలిన కుటుంబాలను అడిగితే వేరే లెక్క చెబుతారు. 2021లో ఆ నగరం అద్దెల పెంపుకు చట్టంతో కళ్లెం వేసింది. అదే చట్టం ఇరవై ఏళ్ల ముందు, ప్రణాళిక గీసినరోజే వచ్చి ఉంటే ఎందరు మిగిలేవారో.

నెహెమ్యా గ్రంథం మన సంఘాల్లో కట్టడపు నిధి ఎత్తినప్పుడల్లా బయటికి వస్తుంది. మూడు, నాలుగు అధ్యాయాల మీద ప్రసంగాలు వినని విశ్వాసి ఉండడు. ఒక చేత్తో పని, ఒక చేత్తో ఆయుధం. ఐదో అధ్యాయం మీద వినేది తక్కువ. గోడ సగం లేచిన వేళ, బీదవాళ్లూ వాళ్ల భార్యలూ వచ్చి మొరపెట్టుకుంటారు: తిండి కోసం పొలాలు, ఇళ్లు కుదువపెట్టామని, పిల్లలను దాసులుగా ఇవ్వవలసి వస్తోందని. శత్రువులు కాచుకుని ఉన్నా నెహెమ్యా ముందు ఆ మొర విన్నాడు. ప్రధానులను, అధికారులను నిలబెట్టి గద్దించి పొలాలు, ఇళ్లు తిరిగి ఇప్పించాడు. ఆ తరువాత ఏడో అధ్యాయంలో ఆయన చూసిందేమిటి? పట్టణం విశాలం, జనం కొద్దిమంది. గోడ పూర్తయింది గదా అని ఆయన ఊరుకోలేదు. పదిమందిలో ఒకరు వచ్చి పట్టణంలో కాపురముండేలా చీట్లు వేయించిన సంగతి పదకొండో అధ్యాయంలో ఉంది. ఊరు కట్టామా లేదా అన్నది రాళ్లను లెక్కబెట్టి కాక మనుషులను లెక్కబెట్టి చూశాడు.

ఇక మన దగ్గర చట్టం ఏమంటోంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం భూమి తీసుకుంటే సామాజిక ప్రభావ అంచనా చేయాలి, బహిరంగ విచారణ పెట్టాలి. పట్టణంలో మూడేళ్లకు పైగా ఆ చోట కాపురమున్న కుటుంబం సొంతదారు కాకపోయినా ఆ చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. ఈ సంగతి మన సంఘస్థుల్లో చాలామందికి తెలియదు. కానీ పాతవీధుల్లో రోడ్డు వెడల్పు చేయాలంటే మునిసిపాలిటీలు ఎక్కువగా పట్టుకునే దారి టీడీఆర్ బాండ్లు. గోడ మీద ఎర్రరంగు మార్కు వేస్తారు. స్థలం వదులుకున్న యజమానికి దాని విలువకు తగ్గ బాండు ఇస్తారు. దాన్ని అతను బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఇందులో యజమానికి అన్యాయం జరిగినా జరగకపోయినా, ఆ ఇంట్లో ఇరవై ఏళ్లుగా వాటా అద్దెకున్న కళాసీ పేరు ఏ కాగితం మీదా ఉండదు. అతని అడ్వాన్సు అతనికి తిరిగొస్తే గొప్ప. పాత ఇంటిని యజమానే బిల్డరుకు డెవలప్‌మెంటుకిస్తే ఆపాటి కాగితం కూడా ఉండదు.

వీధి వ్యాపారులకు 2014 చట్టం కొంత అండ. సర్వే పూర్తయ్యేవరకూ ఖాళీ చేయించకూడదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం నూటికి నలభై మంది వ్యాపారులే ఉండాలి. మార్కెట్ బయట చేపలమ్మే మన సంఘపు అక్కలకు గుర్తింపు కార్డు ఉందో లేదో ఆయా పాస్టరుగారు ఒక్క ఆదివారం అడిగితే తెలిసిపోతుంది.

ఇప్పుడు మన ఇంటి మాట. విశాఖలోనూ, కాకినాడలోనూ, మచిలీపట్నంలోనూ పాతపట్టణాల నడిబొడ్డున మిషన్ కాంపౌండ్లున్నాయి. మిషనరీలు కొన్న రోజున అవి ఊరి అంచు, ఇప్పుడు ఊరి మధ్య. పాతనగరం బాగుపడుతోందంటే మొదట ధర పెరిగేది వాటికే. అంటే ఈ వ్యవహారంలో సంఘం గట్టుమీద నిలబడి చూసే మనిషి కాదు, భూమి గల పక్షం. చర్చి స్థలాన్ని షాపింగ్ కాంప్లెక్సుకు దీర్ఘకాలం లీజుకిచ్చి, కాంపౌండులో తరతరాలుగా ఉన్న స్కూలు ఆయా కుటుంబాన్ని, చర్చి తోటమాలి కుటుంబాన్ని ఖాళీ చేయమన్న కమిటీల సంగతులు మన చెవిన పడుతూనే ఉన్నాయి. లీజు డబ్బు ఎవరి చేతికి పోయిందన్న తగాదాలైతే కోర్టుల్లో ఏళ్లకేళ్లు నడుస్తున్నాయి. తగాదా పడేవాళ్లిద్దరూ ఆ ఖాళీ చేసిన కుటుంబం గురించి పిటిషన్‌లో ఒక్క వాక్యం రాయరు. లీజులు ఇవ్వకూడదని మా వాదన కాదు. స్కూళ్లు నడవాలి, పాత ఆసుపత్రుల పైకప్పులు వెయ్యాలి, కానుకపెట్టె ఒక్కదానితో అవి జరగవు. కానీ చర్చి భూమిలో కట్టే ప్రతి కాంప్లెక్సు మీద ఒక అంతస్తు తక్కువ అద్దె ఇళ్లకు ఎందుకు కేటాయించకూడదు? మునిసిపాలిటీని, బిల్డరును అడగబోయే ముందు ఈ ప్రశ్న పాస్టరేట్ కమిటీ టేబుల్ మీద పెట్టాలి. సర్వసభ్య సమావేశంలో లీజు షరతులు చదివి వినిపించమని అడిగే హక్కు సంఘస్థులకుంది. మాకు తెలిసి అలా అడిగేవాళ్లు తక్కువ. అడిగినవాళ్లను తగాదాకోరులని అనడం ఎక్కువ.

రెండో పని దీనికంటే చిన్నది, ఈ వారమే మొదలుపెట్టగలిగింది. మూడేళ్లకు పైగా ఒక చోట ఉన్నామని రుజువు చేయడం అద్దెదారుకు చాలా కష్టం. అగ్రిమెంటు నోటిమాట, కరెంటు బిల్లు యజమాని పేరున, రేషన్ కార్డు ఊళ్లో అత్తగారి ఇంటి చిరునామాతో. కానీ మన దగ్గర రిజిస్టర్లున్నాయి. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద రాసే పెళ్లి రిజిస్టరులో వధూవరుల నివాసం రాయాలి. బాప్తిస్మపు రిజిస్టర్లలో, సభ్యత్వపు పుస్తకాల్లో చాలా సంఘాలు వీధి పేరుతో సహా రాసుకుంటాయి. బీరువాల్లో చెదలు పట్టకముందే వాటిని దించి, పాతనగరంలో అద్దెకున్న ప్రతి కుటుంబానికి ఎప్పటినుంచి ఏ వీధిలో ఉన్నారో ఒక కాగితం రాసి, తేదీ వేసి, ముద్రవేసి ఇవ్వగల పాస్టర్లు, సెక్రటరీలు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. అదొక్కటే చాలుతుందని కాదు, కానీ గోడ మీద ఎర్రమార్కు పడ్డాక పరుగెత్తే మనిషికి చేతిలో ఒక కాగితమన్నా ఉంటుంది. సంఘస్థులకే కాదు, పక్క వాటాలో ఉండే అన్యమతస్థుల కుటుంబం వచ్చి అడిగినా, ఇన్నేళ్లుగా ఎరుగుదుమని సాక్ష్యం రాసి ఇవ్వడానికి వెనకాడవద్దు.